ముల్లు చెప్పే పేరు: నల్లగొండ చేప పిల్లల ఎముకల డైరీ

మృగశిర కార్తె దాటాక

మృగశిర నాడు చేపల మార్కెట్‌లో ఏది బొచ్చె, ఏది రవ్వ అని చెప్పడానికి చదువు అక్కర్లేదు. రెండు కిలోల చేప తన పేరు తానే చెప్పుకుంటుంది. చిక్కంతా పిల్లల దగ్గరే. రెండు సెంటీమీటర్లు కూడా లేని పిల్లలు బకెట్లో గిరగిరా తిరుగుతుంటే, అందులో బొచ్చె పాలెంత, రవ్వ పాలెంత, మృగాల పాలెంత, మధ్యలో దూరిన పరకలు, అంటే పెద్దగా ఎదగని చిన్న చేపలు, ఎన్ని అన్నది గట్టిగా చెప్పగలిగేవాళ్ళు తక్కువ.

మన దగ్గర చెరువులో చేపల పెంపకం ఈ పిల్లలతోనే మొదలవుతుంది. 2016–17 నుంచి ప్రభుత్వం మత్స్యకార సంఘాలకు ఉచితంగా ఇస్తున్న పిల్లలు రెండు సైజుల్లో వస్తాయి. వానలకు నిండి ఎండలకు ఎండే చెరువులకు 35–40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్ళుండే వాటికి 80–100 మిల్లీమీటర్లవి. బొచ్చె పైనీళ్ళలో మేస్తుంది, రవ్వ నడినీళ్ళలో, మృగాల, బంగారు తీగ అడుగున. ఈ పాళ్ళు కుదిరితేనే చెరువులో ఉన్న మేతంతా చేప ఒంటికి పడుతుంది. ఒకే రకం ఎక్కువ పడితే అవన్నీ ఒకే పొరలో కొట్టుకుంటాయి, మిగతా మేత అట్లాగే మిగిలిపోతుంది. ఆ సంగతి తెలిసేది వల లాగిన రోజున. అప్పటికి సంఘం వాళ్ళ ఏడాది కష్టం అయిపోయి ఉంటుంది.

అందుకే నేనూ మా డిగ్రీ కాలేజీ జువాలజీ పిల్లలూ ఈ పని పెట్టుకున్నాం. పానగల్ ఉదయసముద్రం, చుట్టుపక్కల ఊరి చెరువులు, వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోటు, సాగర్ దిగువ మడుగులు: వీటిలో దొరికే చేప పిల్లల ఎముకలకు రంగు పట్టించి, ఒళ్ళు అద్దంలా చేసి, జాతి వారీగా సీసాల్లో దాచిపెట్టాలి. ఆ సీసాలు పక్కన పెట్టుకుని చూస్తే కొత్తగా వచ్చిన పిల్ల ఏదో తేల్చగలగాలి. పుస్తకాల్లో చేప పిల్లల గుర్తులుగా ఎక్కువగా ఇచ్చేవి పైపై రంగులే. మృగాలకు తోక మొదట్లో మూడు మూలల నల్ల మచ్చ, రవ్వకు అదే చోట నల్లని పట్టీ, బొచ్చెకు మచ్చ ఉండదు, తల పెద్దది. ఇవి నిజమే. కానీ బురద నీళ్ళలో పెరిగిన పిల్ల పాలిపోతుంది, సంచిలో చచ్చిన పిల్ల రంగు మారుతుంది, మచ్చ ఉన్నట్టా లేనట్టా అని ఇద్దరు చూస్తే రెండు మాటలు వస్తాయి. వీపు రెక్కలో దాన్ని నిలబెట్టే పుల్లలు ఎన్ని ఉన్నాయన్నది మాత్రం ఎవరు లెక్కపెట్టినా ఒకటే రావాలి.

సరంజామా

రెండు రంగులు కావాలి. మృదులాస్థికి నీలం పట్టించే ఆల్షియన్ బ్లూ, గట్టిపడ్డ ఎముకకు ఎరుపు పట్టించే అలిజరిన్ రెడ్ ఎస్. కండను కరిగించి ఒళ్ళు పారదర్శకం చేయడానికి ట్రిప్సిన్ ఎంజైమ్. ట్రిప్సిన్ వాడే పద్ధతి టేలర్ 1967లో ఇచ్చాడు. నీలం, ఎరుపు రెండూ కలిపి ఒకే చేపకు పట్టించే పద్ధతిని డింగర్కస్, ఉహ్లర్ 1977లో ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడేది కొద్ది మార్పులతో అదే. ఇంకా బోరాక్స్, పొటాషియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, ఆల్కహాలు. చివర్లో బూజు పట్టకుండా చిటికెడు థైమాల్.

అలిజరిన్ కోసం మేం హైదరాబాద్ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అలమారలోనే దొరికింది. నీళ్ళలో ఫ్లోరైడ్ పరీక్షకు జిర్కోనియం–అలిజరిన్ పాత పద్ధతి. ఆ రెండూ కలిసిన ఎర్ర రంగును ఫ్లోరైడ్ విరగ్గొడుతుంది, రంగు ఎంత పాలిపోతే ఫ్లోరైడ్ అంత ఉన్నట్టు. నల్లగొండలో ఏ ల్యాబ్‌లోనైనా ఆ సీసా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఫ్లోరైడ్ నీళ్ళు మనుషుల ఎముకలకు ఏం చేశాయో చూస్తూ పెరిగిన జిల్లా మాది. అదే మందు ఇప్పుడు చేప ఎముకను చూపించడానికి పనికొస్తుంటే నాకు ఆ సీసా మీద ఒకలాంటి అభిమానం కలిగింది.

అలిజరిన్ పాత కథ కూడా మనకు దగ్గరిదే. కోరమండల్ తీరంలో కలంకారీ బట్టకు ఎరుపునిచ్చిన చిరివేరులో ఉన్న రంగు ఇదే. ఐరోపాలో మంజిష్ఠ జాతి మొక్క వేరు తిన్న పందుల ఎముకలు ఎర్రబడటం చూసి 1736లో బెల్చియర్ రాసిపెట్టాడు. కాల్షియం ఉన్నచోట ఈ రంగు పట్టుకుంటుంది, ఇక వదలదు. అందుకే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ఏ ద్రావణమైనా డిస్టిల్డ్ వాటర్‌తోనే. మా బోరు నీళ్ళలో కాల్షియం దండిగా ఉంటుంది, దానితో కలిపితే రంగంతా ఆ కాల్షియాన్నే పట్టుకుని అడుగున పేరుకుంటుంది.

పిల్లలను చంపి తెచ్చే అవసరం చాలావరకు లేదు. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో సీడు దూరం నుంచి వచ్చేటప్పుడు ఎంతో కొంత చస్తుంది. సంఘం వాళ్ళు ఆ చచ్చిన పిల్లలను గట్టు మీద పారేస్తారు, మేం వాటిని అడిగి తెచ్చుకుంటాం. షరతు ఒక్కటే, వెంటనే ఫార్మాలిన్‌లో వేయాలి. ఎండలో కొద్దిసేపు ఉన్నా మెత్తటి భాగాలు చెడతాయి, తర్వాత నీలం మచ్చలు మచ్చలుగా పడుతుంది. బతికున్నవి తప్పనిసరైతే లవంగ నూనె కలిపిన నీళ్ళలో మత్తెక్కించి, కదలిక పూర్తిగా ఆగాకే ఫార్మాలిన్. ఆ ఫార్మాలిన్ కూడా బజారులో దొరికేదానికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు కలిపి, బోరాక్స్‌తో పులుపు విరిచినది. లేకపోతే ఆ ఆమ్లం సన్నటి ఎముకల్లో ఉన్న కొద్దిపాటి కాల్షియాన్ని కూడా తినేస్తుంది.

ఆషాఢం: నీలం పట్టించడం

వానలు మొదలై హాచరీల్లో స్పాన్, అంటే అప్పుడే పొదిగిన పిల్లలను, తీసే కాలం. బొచ్చె, రవ్వ, మృగాల లాంటి కార్పు జాతులు చెరువు నీళ్ళలో తమంత తాము గుడ్లు పెట్టవు, వాటికి పారే ఏరు కావాలి. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి వీటితో గుడ్లు పెట్టించడంలో నెగ్గారు కాబట్టే ఇవాళ ఊరూరా సీడు దొరుకుతోంది. జులై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే.

పని వరసగా ఇట్లా సాగుతుంది. ఫార్మాలిన్ నుంచి తీసిన పిల్లను బాగా కడిగి, నెమ్మదిగా ఆల్కహాల్లోకి మార్చాలి. తర్వాత ఆల్కహాలు, ఎసిటిక్ యాసిడ్ కలిపిన ఆల్షియన్ బ్లూలో ఒక రాత్రి. నీలం పట్టాలంటే ఆమ్లం కావాలి, ఎముక నిలవాలంటే ఆమ్లం పనికిరాదు. ఈ పద్ధతిలో ఉన్న పేచీ మొత్తం ఇదే. ఇరవై మిల్లీమీటర్లు దాటిన పిల్లకు రాత్రంతా ఉన్నా భయం లేదు. పది మిల్లీమీటర్ల పిల్లలో మాత్రం ఎముక కాగితం కంటే పలచన. అక్కడ ఎక్కువసేపు ఉంచితే తర్వాత ఎరుపు పట్టడానికి కాల్షియమే మిగలదు. అందుకే చిన్న పిల్లలను ముందే రెండు జట్లు చేశాం. ఒక జట్టుకు మామూలు పద్ధతి, ఇంకో జట్టుకు వాకర్, కిమ్మెల్ 2007లో ఇచ్చిన ఆమ్లం లేని పద్ధతి. అందులో ఎసిటిక్ యాసిడ్ బదులు మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. వాళ్ళు దాన్ని జీబ్రా చేప పిల్లల కోసం తయారుచేశారు. జీబ్రా చేప మన ఉపఖండపు వాగుల్లోదే, కార్పుల కుటుంబానికి దగ్గరి చుట్టం, కాబట్టి మా పిల్లలకూ కుదురుతుందనుకున్నాం, కుదిరింది. రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కళ్ళకు కొట్టినట్టు కనబడింది. ఆమ్లం లేని జట్టులో దవడ, మొప్ప మూత, భుజం ఎముక నిండు ఎరుపు. మామూలు జట్టులో అవే లేత గులాబీ. ఇకమీదట పదిహేను మిల్లీమీటర్ల లోపు పిల్లలన్నిటికీ రెండో పద్ధతే.

ట్రిప్సిన్‌కు ముప్పై ఏడు డిగ్రీల వేడి ఉంటే పని చురుగ్గా సాగుతుంది. మామూలుగా దీనికి ఇంక్యుబేటర్ అడుగుతారు. మే నెలలో అయితే మా గదికి మించిన ఇంక్యుబేటర్ లేదు, ముసురు పట్టిన రోజుల్లో మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. ట్రిప్సిన్ ద్రావణం నీలంగా మారినప్పుడల్లా కొత్తది పోయాలి. వెన్నుపూసలు బయటినుంచి కనబడే వేళకు ఆపేయాలి. అత్యాశకు పోయి ఇంకా ఉంచితే కీళ్ళు వీడిపోయి ముక్కలు ముక్కలుగా చేతికొస్తుంది.

శ్రావణం: రంగు తేలిన రోజు

పెరాక్సైడ్‌తో నల్ల రంగు పోగొట్టి, అలిజరిన్‌లో ముంచి, గ్లిజరిన్‌లోకి తెచ్చాక మొదటి పిల్లను మైక్రోస్కోపు కింద పెట్టాం. దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా పని మొత్తానికి ఆధారం అదే.

అది పద్దెనిమిది మిల్లీమీటర్ల పిల్ల. ఒళ్ళంతా గాజు, కళ్ళు రెండూ మిగిలిన నల్ల చుక్కలు. మొప్ప మూత, దాని వెనక వంపు తిరిగిన భుజం ఎముక ముదురు ఎరుపు. కార్పుల్లో ముందుగా గట్టిపడే ఎముకల్లో ఈ రెండూ ఉంటాయి, ఊపిరి, ఈత వాటితోనే కదా. వెన్నుపూసలు ఎర్రటి ఉంగరాల వరస. వీపు రెక్క దగ్గరికి వస్తే రెండు రంగులూ ఒకేచోట. బయటికి కనబడే పుల్లలు ఎర్రబడుతున్నాయి. వాటి కింద, ఒంటి లోపల, ఒక్కో పుల్లను మోసే కడ్డీ ఇంకా నీలంగానే ఉంది. ఈ నీలం కడ్డీలే నాకు ఎక్కువ విలువైనవిగా తోచాయి. రెక్క పుల్లలు పూర్తిగా రాకముందే కడ్డీలు వరసగా ఏర్పడతాయి. అంటే పైన రెక్క ఇంకా పొరలా ఉన్నప్పుడే, పెద్దయ్యాక అందులో దాదాపు ఎన్ని పుల్లలుంటాయో లోపలి లెక్క చెప్పేస్తుంది. మొదటి కడ్డీ ఒకటి కంటే ఎక్కువ పుల్లలను మోస్తుంది, చివరి కడ్డీ మీద ఉన్న జంట పుల్లను ఒకటిగానే లెక్కేయాలి. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

లెక్కలు ఇవి. పెద్ద చేపల్లో, కొసన పాయలుగా చీలిన పుల్లలు మాత్రమే వీపు రెక్కలో లెక్కపెడితే బొచ్చెకు 14 నుంచి 16, రవ్వకు 12 నుంచి 14, మృగాలకు 12 లేదా 13, బంగారు తీగకు 17కు పైనే. గడ్డి చేప (గ్రాస్ కార్ప్), వెండి చేప (సిల్వర్ కార్ప్)లకు 7. మన చిన్న పరకలకు 8. రాస్బోరా జాతి చిన్న చేపలకూ 7. చిన్న పిల్లల్లో పుల్లలు ఇంకా చీలి ఉండవు కాబట్టి అక్కడ వేరేగా లెక్కపెట్టాలి. ముందున్న పొట్టి పుల్లలను వదిలేయాలి, వాటి వెనక నిండు పొడుగున్న మొదటి పుల్లనూ వదిలేయాలి, తక్కినవి లెక్కేయాలి.

ఈ ఒక్క లెక్కతోనే సగం గొడవ తీరిపోతుంది. సీడులో పరక పిల్లలు కలిశాయా లేదా అన్నది ఇక అనుమానం అక్కర్లేని ప్రశ్న. ఎనిమిదికీ పన్నెండుకూ మధ్య ఎంతో ఎడముంది, తప్పు లెక్కపెట్టినా ఒకటి అటూ ఇటూ అవుతుంది గానీ నాలుగు కాదు.

అదే రోజు: వెబర్ ఎముకలు

మా విద్యార్థి ఒకడు కుంటలోంచి పట్టుకొచ్చిన పిల్లల్లో దోమల మందుగా వదిలే గాంబూసియా కూడా ఉంది. దూరం నుంచి అన్నీ ఒకేలా ఉన్నాయి. రంగు పట్టాక తల వెనక చూస్తే అసలు పోలికే లేదు. కార్పుల్లో, జెల్లల్లో తల వెనక మొదటి నాలుగు వెన్నుపూసల పక్కన చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. గాలి తిత్తి మీద పడ్డ చప్పుడును ఆ గొలుసు లోపలి చెవికి చేరవేస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హైన్రిక్ వెబర్ 1820లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. అన్నిటిలోకి పెద్దది ట్రైపస్, కొడవలి వంపుతో వెనక్కి తిరిగి గాలి తిత్తి ముందు గదిని తాకుతుంది. గాంబూసియాకు ఇది లేదు. మట్టలకు, అంటే కొర్రమీను జాతికి, లేదు, జిలేబి చేపకు లేదు. జెల్లల్లో ఉంటుంది గానీ అక్కడ వెన్నుపూసలు అతుక్కుపోయి ఒకే దిమ్మెగా మారతాయి.

అందుకని పిల్లను గుర్తుపట్టడానికి రాసుకున్న మా పట్టికలో మొదటి ప్రశ్న ఇదే పెట్టాం: తల వెనక కొడవలి ఉందా? ఉంటే కార్పు–జెల్ల వైపు, లేకపోతే మట్ట–జిలేబి వైపు. దాని తర్వాతే రెక్కలు లెక్కపెట్టాలి.

వినాయక చవితి ముందు: దవడలు, గొంతు పళ్ళు

రవ్వ లెక్క, మృగాల లెక్క కలిసిపోతాయి. 14 వస్తే బొచ్చె కావచ్చు, రవ్వ కూడా కావచ్చు. రెక్క ఇక్కడ ఆగిపోతుంది, మూతి దగ్గరికి వెళ్ళాలి.

బొచ్చె కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు, పుర్రె పైనుంచి చూస్తే వెడల్పు. మృగాల మూతి కిందికి దిగి అడ్డంగా ఉంటుంది, కింది దవడ నడుమ చిన్న బుడిపె. రవ్వ పెదవులకు కుచ్చులుంటాయి కానీ అవి కండవి, ట్రిప్సిన్ వాటిని ఉంచదు. ఇది ఈ పద్ధతిలో ఉన్న లోటే. అందుకే రంగుకు పంపేముందు ప్రతి పిల్ల మూతిని ఫోటో తీసి, అదే నంబరుతో సీసాకు చీటీ కడుతున్నాం. ఎముక, తోలు రెండూ చెప్పే మాట ఒకచోట ఉండాలి.

ఈ మూడింటి మూతుల్లోనూ ముక్కు నడుమ ఒక ఇసుక రేణువంత ఎముక ఉంటుంది, కైనెత్మాయిడ్. పై దవడను ముందుకు చాపడానికి కీలులా పనికొచ్చే ఈ ఎముక కార్పుల క్రమానికే సొంతం. చేప మేతను పీల్చుకునేటప్పుడు నోరు గొట్టంలా ముందుకు సాగేది దీని సాయంతోనే. అంత చిన్న ఎముకలో అంత పని ఉందని తెలిసి మా పిల్లలు చాలాసేపు మైక్రోస్కోపు వదల్లేదు.

ఇక పళ్ళు. కార్పుల దవడల్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి, చివరి మొప్ప కమాను ఎముక మీద. ఒక పక్క కమానును సన్నటి సూదితో విడదీసి చూడాలి. పెద్ద బంగారు తీగలో అవి నలగ్గొట్టే దంతాల్లా బల్లపరుపుగా, మూడు వరసల్లో లోపలి నుంచి 3, 1, 1 చొప్పున ఉంటాయి. వెండి చేపకు ఒకే వరస, పక్కకు నాలుగు. గడ్డి చేపకు రెండు వరసలు, పళ్ళ అంచులు దువ్వెనలా కోతలు పడి ఉంటాయి, గడ్డి కోసుకు తినే చేప కదా. బొచ్చె, రవ్వ, మృగాల మూడింటికీ మూడేసి వరసలు.

అయితే పెద్ద చేప పళ్ళ లెక్కను పిల్లకు అంటగట్టకూడదు. చిన్న పిల్లలో పళ్ళన్నీ మొనదేలిన కొక్కేలే. వరసలు కూడా ఒక్కసారిగా రావు, ముందు ఒకటి, తర్వాత తక్కినవి. పళ్ళు ఊడి కొత్తవి వచ్చే కొద్దీ బంగారు తీగ పన్ను బల్లపరుపవుతుంది. కాబట్టి పదిహేను మిల్లీమీటర్ల పిల్ల గొంతులో ఒకే వరస కనబడితే అది వెండి చేప అని రాసేయడానికి లేదు. పళ్ళు మూడో సాక్షి. రెక్క, దవడ చెప్పినదానికి తోడుగానే వాటి మాట తీసుకోవాలి.

దసరా సెలవులు: పానగల్ గట్టు మీద

మా విద్యార్థిని తాత సంఘంలో పాత సభ్యుడు. వల పట్టిన చేయి ఇంకా ఆగలేదు. మా సీసాలు చూపించడానికి తీసుకెళ్ళాం. ఒక సీసాను ఎండకు ఎత్తిపట్టి, తిప్పి తిప్పి చూశాడు.

"గిన్ని పుల్లలు ఎవలు లెక్కవెడ్తరు టీచరమ్మా? తలకాయ సూస్తె ఎరుకైతది గదా."

"సంచిలనే సచ్చి రంగు పోయినది చూసి చెప్తవా తాతా?"

"తే, సూద్దాం."

ఆ పొద్దున వచ్చిన సంచుల్లో చచ్చిన పిల్లలను పళ్ళెంలో పోసి ఇచ్చాం. ఆయన వేలితో జరుపుతూ రెండు కుప్పలు చేశాడు. "గివన్ని బొచ్చలే. గీ కొన్నిటి మీద నాకు అనుమానమే. తల సన్నగున్నది." అనుమానం కుప్పను విడిగా తీసుకొచ్చి రంగు పట్టించాం. వీపు రెక్క లెక్క 13, మూతి తిన్నగా ఉంది, ఫోటోలో చిన్న మీసాల జత. రవ్వలే. బొచ్చెలన్న కుప్పలోంచి తీసినవి 15, కింది దవడ పైకి తిరిగి ఉంది. ఆయన కన్ను తప్పలేదు. ఆయన చూసే తల వెడల్పు పుర్రె ఎముక వెడల్పే. మేం లెక్కతో వెళ్ళిన చోటికి ఆయన అలవాటుతో వెళ్ళాడు. కానీ ఆ అలవాటు నలభై మిల్లీమీటర్ల పిల్ల దగ్గర పనిచేస్తుంది. పన్నెండు, పదిహేను మిల్లీమీటర్లవి పెడితే ఆయనే "గివి నాతోని కాదు బిడ్డా" అని పళ్ళెం వెనక్కి నెట్టాడు. అక్కడినుంచి ఎముకల పని మొదలవుతుంది.

కలగలుపు పిల్లను ఎట్లా పట్టాలని ఆయన అడిగిన ఇంకో ప్రశ్నకు మాత్రం మా దగ్గర జవాబు లేదు. బొచ్చె, రవ్వ ఒకే తొట్టిలో గుడ్లు పెడితే పుట్టే కలగలుపు పిల్లలు హాచరీల్లో ఉంటాయి. వాటి లెక్కలు అటూ ఇటూ మధ్యలో పడతాయి. 14 వచ్చి, మూతి బొచ్చెకూ రవ్వకూ నడుమ ఉంటే ఎముక ఒక్కటే తేల్చలేదు, దానికి డీఎన్ఏ పరీక్ష కావాలి. పట్టికలో అలాంటి వాటికి విడిగా ఒక గడి పెట్టాం, బలవంతంగా ఏ జాతిలోనూ వేయడం లేదు.

గట్టు మీద పనికొచ్చిన సంగతి ఒకటి రాసుకోవాలి. 35–40 మిల్లీమీటర్ల పిల్లకు రంగే అక్కర్లేదు. అడుగు పలచగా ఉన్న గాజు పళ్ళెంలో వేలెడు నీళ్ళు పోసి, కింద సెల్‌ఫోన్ టార్చ్ పెట్టి, పైనుంచి పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో చూస్తే వీపు రెక్క పుల్లలు బతికున్న పిల్లలోనే లెక్కకొస్తాయి. పిల్ల పక్కకు ఒరిగి నిలవాలి, అందుకు పళ్ళెంలో ఇరుకు గాడి ఉంటే మేలు. లెక్క అవ్వగానే చెరువులో వదిలేయొచ్చు. సంఘం కుర్రాళ్ళు ఆ రోజే నేర్చుకున్నారు. సంచికి కొన్ని పిల్లల చొప్పున తీసి చూస్తే ఎనిమిది లెక్క వచ్చే పరకలు వెంటనే దొరికిపోతాయి. నా మటుకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముందు ఊరికి చేరాల్సింది ఈ గాజు పళ్ళెమే.

కార్తీకం: మట్టలు

కొర్రమీను మన రాష్ట్ర చేప. మట్ట పిల్లల గుంపు నీటి పైకి నారింజ రంగు తేలుతూ వస్తే, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపును వలతో ఎత్తడం తేలిక, ఎత్తకుండా ఉండటమే మంచిది. మేం ఎండిపోతున్న గుంటల్లో చిక్కినవే తీసుకున్నాం.

మట్టల్లో ఎముకల పని చాలా హాయి. రెక్కల్లో ముళ్ళుండవు, అన్నీ మెత్తటి పుల్లలే, రెక్కలు పొడుగు, తేడాలు పెద్దవి. బురద మట్టకు వీపు రెక్కలో 29–32, కొర్రమీనుకు 37–46. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి లెక్క చాలు. సాగర్ వైపు దొరికే పూమీనుకు 45–55, అక్కడ కొర్రమీనుతో కాస్త కలుస్తుంది. అప్పుడు పొట్ట కింది రెక్క, అంటే మలద్వారం వెనక మొదలయ్యేది, చూడాలి. కొర్రమీనుకు 23–27, పూమీనుకు 28–36. పదిహేను మిల్లీమీటర్ల పిల్లలోనే ఈ లెక్కలు తేలాయి. కొర్రమీను సీడు పేరుతో బురద మట్ట పిల్లలను కొని నష్టపోయే రైతుకు ఇది పనికొచ్చే సంగతి. బురద మట్ట ఎంత మేపినా కొర్రమీనంత ఎదగదు, ధర కూడా రాదు.

వాలుగ, ఇంగిలికం పిల్లలకూ ఇదే మార్గం. వాలుగకు పొట్ట కింది రెక్క తోక దాకా సాగి ఉంటుంది, వీపు రెక్క చిన్నది, ముల్లు లేదు. జెల్లల్లో చంక రెక్క ముల్లు మీద ఉన్న పళ్ళ వరస కూడా గుర్తే, కానీ పిల్లలో ఆ పళ్ళు ఇంకా మొలకెత్తుతూ ఉంటాయి. వాటిని వచ్చే వానాకాలానికి వాయిదా వేశాం.

ఇప్పటిదాకా తేలనివి

వాడపల్లి దగ్గర దొరికిన ఒక గుంపు ఇంకా పక్కనే పెట్టి ఉంది. వెబర్ కొడవలి ఉంది, కైనెత్మాయిడ్ ఉంది, వీపు రెక్కలో 16. బొచ్చె అనడానికి మూతి ఒప్పుకోదు, దవడ కిందికి ఉంది. బంగారు తీగకు ఉండే రంపపు పళ్ళ ముల్లు వీపు రెక్క ముందు లేదు. కృష్ణలో పూర్వం నుంచి ఉన్న, రవ్వకు చుట్టాలైన రెండు జాతుల్లో లేబియో ఫింబ్రియేటస్‌కు ఈ లెక్క సరిపోతుంది, లేబియో కాల్బాసును కూడా ఇప్పుడే కొట్టేయలేం. ప్రభుత్వ సీడులో ఈ రెండూ ఉండవు, అంటే ఇవి నదిలోనే పుట్టిన పిల్లలు. వదిలిన పిల్లల మధ్య నది సొంత పిల్లలు ఇంకా ఉన్నాయన్న సంగతే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

వీటిలో సగం రంగుకు పోకుండా ఆల్కహాల్లో ఉంచాం, డీఎన్ఏ చేసేవాళ్ళు దొరికితే ఫార్మాలిన్ తగలని పిల్ల కావాలి కదా. బతికున్న కొన్నిటిని కాలేజీ సిమెంటు తొట్టిలో పెంచుతున్నాం. అరవై, డెబ్బై మిల్లీమీటర్లకు వచ్చాక మీసాలు, పెదవులు స్పష్టమవుతాయి. అప్పుడు వాటి పేరు ఖాయం చేసి, అదే గుంపులోంచి రంగు పట్టించిన చిన్న పిల్లల సీసాల మీద చీటీ మారుస్తాం. తొట్టికి నీళ్ళు మార్చే వంతు ఈ వారం రెండో సంవత్సరం వాళ్ళది.